తీర్పరికి తోటివారి మాట

కడోదరా సూరత్ జిల్లాలో ముంబై–అహ్మదాబాద్ రహదారి మీద ఉన్న పారిశ్రామిక పట్టణం. మరమగ్గాల షెడ్లు, రంగుల మిల్లులు, వాటిని ఆనుకుని కార్మికుల గదులు. సూరత్ చుట్టుపక్కల ఈ పని మీద బతికేవారిలో ఒడిశాలోని గంజాం వాళ్ళున్నారు, ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్ళున్నారు, మహారాష్ట్ర ఖాందేశ్ వాళ్ళున్నారు, తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి స్థిరపడిన మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇన్ని భాషలు, ఇన్ని కులాలు, ఇన్ని ఊళ్ళు కలిసిన చోట ఏప్రిల్ 14కో, వైశాఖ పున్నమికో, సెలవు దొరికిన ఆదివారానికో కుర్రవాళ్ళు కబడ్డీ పోటీ పెట్టుకుంటారనుకోండి. జట్లు ఎన్ని, కప్పు ఎంత పెద్దది అన్న మాటలకన్నా ముందు తేలవలసిన మాట ఒకటుంది: ఈల ఎవరి చేతికి ఇవ్వాలి?

ఆ ఈల పట్టేవాడికి జీతం లేదు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడో, ఒక రోజు కూలి వదులుకున్నవాడో అయి ఉంటాడు. పొద్దంతా ఎండలో నిలబడతాడు. గెలిచిన జట్టు తన బలంతో గెలిచాననుకుంటుంది. ఓడిన జట్టు అతని వల్ల ఓడాననుకుంటుంది. సాయంత్రం బహుమతులిచ్చేటప్పుడు దాతల పేర్లు చదువుతారు, ఆటగాళ్ళ పేర్లు చదువుతారు. ఈల పట్టినవాడి పేరు ఎవరికీ గుర్తు రాదు. మరుసటి ఏడు అతను రాడు. ఈల మళ్ళీ ఏమీ తెలియని కొత్త చేతిలో పడుతుంది. ఇది ఒక్క కడోదరా సంగతి కాదు. మన వాడల్లో జరిగే క్యారమ్స్ పోటీల్లో, పిల్లల వక్తృత్వ పోటీల్లో, వ్యాసరచన పోటీల్లో కూడా ఉచితంగా తీర్పు చెప్పేవారి గతి ఇదే.

మరి తోటి తీర్పరులు అతన్ని గుర్తించాలా? అతను చేసిన మంచి పనిని పదిమందిలో పేరు పెట్టి చెప్పాలా? ధమ్మ మార్గంలో నడిచేవాడికి మెప్పులెందుకు అని మనలోనే చాలామంది అంటారు. దానికి ఆధారమూ చూపుతారు. లాభం–అలాభం, యశస్సు–అపయశస్సు, నింద–ప్రశంస, సుఖం–దుఃఖం అనే ఎనిమిదీ లోకధర్మాలనీ, వాటికి చలించనివాడే జ్ఞాని అనీ తథాగతుడు బోధించాడు కదా, ఇక ఒకరినొకరు మెచ్చుకునే ఏర్పాట్లు మనకెందుకు అని అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తోసెయ్యడానికి వీల్లేదు. దీన్ని విచారించి చూద్దాం.

మంచి తీర్పు కంటికి ఆనదు

ముందు తీర్పరి పని ఎలాంటిదో చూడాలి. 2023 అక్టోబరు 7న చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్ జరిగింది. ఆట చివర్లో భారత్, ఇరాన్ 28–28తో సమంగా ఉన్నాయి. ఆ తరువాత తెలుగు టైటాన్స్ జట్టులో చేరిన పవన్ సెహ్రావత్ అప్పుడు భారత్ తరఫున కూతకు వెళ్ళాడు. ఎవరినీ తాకకుండానే లాబీలో అడుగు పెట్టాడు. అతని వెంట ఇరాన్ ఆటగాళ్ళూ లాబీలోకి వెళ్ళారు. ఒక నియమం ప్రకారం కూతకు వెళ్ళినవాడొక్కడే ఔటు. మరో నియమం ప్రకారం వెంటపడ్డవాళ్ళు కూడా ఔటు. తీర్పు ఒకసారి ఇటు, ఒకసారి అటు మారింది. ఆట దాదాపు గంటసేపు ఆగిపోయింది. చివరకు భారత్ 33–29తో గెలిచింది.

అక్కడ ఉన్నది శిక్షణ పొందిన అధికారులు, వీడియో సౌకర్యం, ఖండమంతా చూస్తున్న ఆట. అయినా అమల్లో ఉన్న నియమం ఏదో అందరికీ ఒకేలా తెలియకపోతే అంత గందరగోళం జరిగింది. కడోదరా లాంటి చోట మాటేమిటి? గంజాం కుర్రవాడు తన ఊళ్ళో నేర్చిన ఆట ఒకటి. ఖాందేశ్ వాడు నేర్చింది మరొకటి. కరీంనగర్ వాడి చెడుగుడు ఇంకొకటి. ఈ ముగ్గురూ టీవీలో ప్రో కబడ్డీ చూసి నేర్చుకున్నది నాలుగోది. మంచి తీర్పరి ఏం చేస్తాడు? ఆట మొదలవక ముందే రెండు జట్ల నాయకులనూ పిలుస్తాడు. లాబీ ఎప్పుడు ఆటలోకి వస్తుందో, బోనస్ గీతకు ఏది లెక్కో, కూతకు ఎన్ని సెకన్లో వాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పిస్తాడు. అందువల్ల మధ్యాహ్నం జరగవలసిన గొడవ జరగదు.

జరగని గొడవను ఎవరు చూస్తారు? ప్రేక్షకులు చూడరు. ఆటగాళ్ళు చూడరు. మగ్గం దగ్గర పనిచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. గుడ్డలో పోగు తెగితే చెకింగ్ బల్ల మీద అందరికీ కనిపిస్తుంది. తెగని పోగు ఎవరికీ కనిపించదు. మగ్గాన్ని అంత సరిగా అమర్చిన మాస్టర్ పనితనం ఇంకో మాస్టర్‌కే తెలుస్తుంది. తీర్పరి పనీ అంతే. తప్పు తీర్పు వెయ్యిమందికి తెలుస్తుంది. ఒప్పు తీర్పు పక్కన నిలబడ్డ ఇంకో తీర్పరికి మాత్రమే తెలుస్తుంది.

ఇంకో లోతైన కారణం కూడా ఉంది. సింగాలోవాద సుత్తంలో బుద్ధుడు మనిషిని దారి తప్పించే నాలుగు అగతులు చెప్పాడు: ఛందం, దోసం, మోహం, భయం. ఈ నాలుగూ కబడ్డీ కోర్టు గీత మీదే నిలబడి ఉంటాయి. కూతకు వచ్చినవాడు మన ఊరివాడైతే ఛందం. నిన్న మనల్ని తిట్టినవాడైతే దోసం. ఆ జట్టు వెనక కప్పు ఇచ్చిన పెద్దమనిషి ఉంటే, అతనే మన పనికి కాంట్రాక్టర్ అయితే, భయం. చూడనిదాన్ని చూశానని మనసు నమ్మించుకుంటే మోహం. ఈ నాలుగింటినీ ఒక క్షణంలో దాటి చెయ్యి ఎత్తడమే తీర్పరి పని. ఆ క్షణంలో అతను ఎవరిని ఎదిరించాడో, ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడో బయటివాళ్ళకు తెలియదు. అదే గీతకు అవతలి వైపు నిలబడ్డవాడికి తెలుస్తుంది.

కాబట్టి తీర్పరిని గుర్తించగలిగింది తోటి తీర్పరులే. వాళ్ళు నోరు విప్పకపోతే ఆ మంచి పని లోకంలో జరగనట్టే ఉండిపోతుంది.

పుణ్ణుడి పేరు ఎవరు చెప్పారు?

మజ్ఝిమ నికాయంలో రథవినీత సుత్తం ఉంది. వర్షావాసం ముగిశాక బుద్ధుడు పుట్టిన ప్రాంతం నుంచి కొందరు భిక్షువులు రాజగృహానికి వచ్చి ఆయన్ని కలుస్తారు. ఆయన వాళ్ళనొక ప్రశ్న అడుగుతాడు. మీ ప్రాంతపు భిక్షువుల్లో తోటి బ్రహ్మచారులు ఎవరిని గౌరవిస్తారు? ఎవరు తాను అల్పేచ్ఛతో ఉంటూ ఇతరులకు దాని గురించి చెబుతారు, తాను సంతుష్టితో ఉంటూ ఇతరులకు దాన్ని నేర్పుతారు అని అడుగుతాడు. శీలం, సమాధి, ప్రజ్ఞల గురించి కూడా ఇలాగే అడుగుతాడు. వాళ్ళంతా ఒకటే పేరు చెబుతారు: మంతాణీపుత్త పుణ్ణుడు.

ఆ మాటలు పక్కనే ఉన్న సారిపుత్తుడి చెవిన పడతాయి. ఎప్పుడైనా ఆ పుణ్ణుణ్ణి కలవాలనుకుంటాడు. తరువాత శ్రావస్తిలో ఆ అవకాశం వస్తుంది. అంధవనంలో పగటివేళ అతని దగ్గరకు వెళ్ళి, తానెవరో చెప్పకుండా ధమ్మం గురించి ప్రశ్నలు వేస్తాడు. సంభాషణ పూర్తయ్యాకే ఇద్దరూ ఒకరి పేరు ఒకరు తెలుసుకుంటారు, ఒకరి మాటలకు ఒకరు ఆనందిస్తారు.

ఈ సుత్తం మన ప్రశ్నకు సూటిగా పనికివస్తుంది. మొదటి సంగతి, అక్కడ లేని మనిషి గురించి బుద్ధుడు తానే తీర్పు ఇవ్వలేదు, అతనితో కలిసి బతికినవాళ్ళని అడిగాడు. గుర్తింపుకు సరైన సాక్షులు సహచరులే అన్నది ఇందులో ఉంది. రెండో సంగతి, అడిగిన ప్రశ్నలో ప్రతి గుణానికీ రెండు ముఖాలున్నాయి. తాను ఆచరిస్తున్నాడా, ఇతరుల చేత ఆచరింపజేస్తున్నాడా? పని బాగా చేసినంత మాత్రాన చాలదు, ఆ పనిని ఇంకొకరికి అందించాలి. మూడో సంగతి, పుణ్ణుడు అక్కడ లేడు. తన పేరు చెప్పమని అతను ఎవరినీ అడగలేదు. మెప్పు అతనికి ముడుపుగా అందలేదు. నేర్చుకోదలచిన సారిపుత్తుడికి దారి చూపే గుర్తుగా పనికొచ్చింది.

చెప్పేవాడి ధర్మం వేరు, వినేవాడి ధర్మం వేరు

ఇప్పుడు లోకధర్మాల ఆక్షేపణకు వద్దాం. అంగుత్తర నికాయంలో పోతలియుడు అనే పరివ్రాజకుడితో బుద్ధుడి సంభాషణ ఉంది. లోకంలో నాలుగు రకాల మనుషులున్నారని బుద్ధుడు చెబుతాడు. నిందించదగినవారిని నిందించి, మెచ్చదగినవారిని మెచ్చనివారు ఒకరు. మెచ్చదగినవారిని మెచ్చి, నిందించదగినవారి విషయంలో ఊరుకునేవారు మరొకరు. రెండూ చెయ్యనివారు మూడో రకం. రెండూ ఉన్నదున్నట్టు, సమయం చూసి చేసేవారు నాలుగో రకం. వీళ్ళలో ఎవరు ఉత్తములని అడిగితే పోతలియుడు రెండూ చెయ్యనివారే అంటాడు. ఉపేక్ష గొప్పది కదా అని అతని వాదన. బుద్ధుడు ఒప్పుకోడు. నిజాన్ని బట్టి, సమయాన్ని బట్టి నిందా ప్రశంసా రెండూ చెప్పేవాడే ఉత్తముడు అంటాడు. ఉపేక్ష కన్నా గొప్పది సమయం ఎరగడం అని ఆయన భావం.

మనలో వినిపించే ఆక్షేపణ అచ్చంగా పోతలియుడి వాదనే. అందులో రెండు వేరువేరు ధర్మాలు కలిసిపోయాయి. నిందకు కుంగకు, ప్రశంసకు పొంగకు అన్నది వినేవాడికి చెప్పిన బోధ. ఈల పట్టినవాడు మెప్పు కోసం ఈల ఊదకూడదు. ఊదితే ఆ మెప్పే ఐదో అగతి అయి కూర్చుంటుంది. కాని పక్కవాడి మంచి పని చూసి మౌనంగా ఉండమని చెప్పేవాడికి ఎవరూ బోధించలేదు. మెప్పు కోరడం ఒకటి, మెప్పు చెప్పవలసిన బాధ్యత ఇంకొకటి. మొదటిది తృష్ణ. రెండోది సత్యవచనం. పొందేవాడికి అది హక్కు కాకపోవచ్చు, చూసినవాడికి మాత్రం అది విధి.

ఇంకో మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఉపేక్ష అని మనం పేరు పెట్టుకున్న మౌనంలో చాలాసార్లు ఈర్ష్య ఉంటుంది. వాడికి పేరొస్తే నా ఈల ఏమవుతుందో అన్న భయం ఉంటుంది. దానికి మందు బ్రహ్మవిహారాల్లో మూడోదైన ముదిత. తోటివాడి మంచిని చూసి సంతోషించడం, ఆ సంతోషాన్ని మాటగా బయటపెట్టడం కూడా సాధనే.

ఉపాలికి వచ్చిన పేరు

ఎలాంటి మెప్పు సరైనది? దీనికి మన సంప్రదాయంలో ఉపాలిని మించిన ఉదాహరణ లేదు. ఉపాలి శాక్యుల మంగలి. అనురుద్ధుడు, ఆనందుడు, దేవదత్తుడు మొదలైన శాక్య కుమారులతో కలిసి దీక్షకు వచ్చాడు. మా శాక్యులకు గర్వం ఎక్కువ, ముందు ఉపాలికే దీక్ష ఇవ్వండి, అప్పుడు మేము అతనికి నమస్కరించవలసి వస్తుంది అని ఆ కుమారులే కోరారని చుల్లవగ్గం చెబుతోంది. బాబాసాహెబ్ అంబేడ్కర్ తన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథంలో ఈ మంగలి దీక్షకు ప్రత్యేకంగా చోటిచ్చారు.

ఉపాలి వినయధరుల్లో అగ్రగణ్యుడయ్యాడు. అంటే సంఘంలో ఏది ఆపత్తి, ఏది కాదు అని తేల్చడంలో అందరికన్నా నిపుణుడు. ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. అతను ఇచ్చిన మూడు తీర్పులను బుద్ధుడు పేరు పెట్టి మెచ్చుకున్నాడని అంగుత్తర అట్ఠకథ చెబుతోంది. అందులో ఒకటి భరుకచ్ఛానికి సంబంధించింది. భరుకచ్ఛం అంటే నేటి భరూచ్. కడోదరా మీదుగా పోయే రహదారిలోనే ఉత్తరాన, నర్మద ఒడ్డున ఉంది. కలలో జరిగినదాన్ని తలుచుకుని తాను ఇక భిక్షువును కానని కుమిలిపోయిన ఒకతను కాషాయం విడిచేద్దామని భరుకచ్ఛానికి బయలుదేరాడు. దారిలో ఉపాలి కలిశాడు. సంగతంతా విని, కలలో జరిగినదానికి దోషం లేదని ఉపాలి తేల్చాడు. ఒక మనిషి తన మీద తానే వేసుకున్న అన్యాయపు శిక్షను నియమం తెలిసినవాడు తీసేశాడు.

రెండోది కుమార కస్సపుడి తల్లి కథ. ఆమె గర్భవతినని తెలియకుండానే భిక్షుణి అయింది. తరువాత గర్భం బయటపడింది. తన వర్గానికి అపకీర్తి వస్తుందని దేవదత్తుడు విచారణ లేకుండానే ఆమెను వెళ్ళగొట్టమన్నాడు. భయాగతికి ఇంతకంటే నిదర్శనం ఉండదు. ఆమె బుద్ధుణ్ణి ఆశ్రయించింది. ఆయన ఆ విచారణను నాలుగు పరిషత్తుల ముందు ఉపాలికి అప్పగించాడు. ఉపాలి తనకు తెలియని విషయంలో తానే ఊహించి చెప్పలేదు, విశాఖను పిలిపించాడు. ఆమె తెర చాటున పరీక్షించి, నెలలూ రోజులూ లెక్కగట్టి, గర్భం దీక్షకు ముందుదే అని చెప్పింది. ఆ సాక్ష్యం మీద ఉపాలి ఆమెను నిర్దోషిగా ప్రకటించాడు. ఒకప్పుడు ఉపాలికి నమస్కరించిన శాక్య కుమారుల్లో ఒకడైన దేవదత్తుడి తీర్పును, అతని వెనక ఉన్న కులాన్ని చూడకుండా, సాక్ష్యం ఆధారంగా ఆ మంగలి కొట్టేశాడు.

ఇక్కడ మెప్పుకు ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్నాయి. ‘ఉపాలి గొప్పవాడు’ అన్న ఊకదంపుడు మాట కాదది. ఫలానా వివాదంలో ఫలానా విధంగా సరిగా తేల్చాడన్న మాట. పనికి కట్టుబడిన మెప్పు నేర్పుతుంది. విన్న ప్రతివాడికీ ఎలా విచారించాలో, తెలియనిచోట ఎవరిని అడగాలో తెలుస్తుంది. మనిషికి కట్టిన మెప్పు మాత్రం అతని మెడలో పూలదండలా సాయంత్రానికి వాడిపోతుంది.

మెప్పు కూడా అగతిలో పడుతుంది

అయితే ఒక ప్రమాదం ఉంది. తీర్పును చెడగొట్టే నాలుగు అగతులే మెప్పునూ చెడగొడతాయి. నువ్వు నన్ను పొగుడు, నేను నిన్ను పొగుడుతాను అన్నది ఛందం. మనవాడు కానివాడి పనిని చూసీ చూడనట్టు పోవడం దోసం. పెద్దమనిషిని పొగడకపోతే ఎలా అన్నది భయం. గట్టిగా ఈల ఊదేవాడే మంచి తీర్పరి అనుకోవడం మోహం.

మన దేశంలో ఈ అగతులన్నిటికీ వేరు కులంలో ఉంది. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ 1911లో ఇంగ్లండ్‌లో పర్యటించిన భారత జట్టులో వందకు పైగా వికెట్లు తీశాడు. అంత బౌలర్‌కు పుణేలో ఆట మధ్యలో టీ ఇచ్చేటప్పుడు పెవిలియన్ బయట విడిగా మట్టి కప్పులో ఇచ్చేవారు. నైపుణ్యం అందరికీ కనిపించింది, అయినా హిందూ జట్టు నాయకత్వం అతనికి దక్కలేదు. 1923లో అతని తమ్ముడు విఠల్‌కు దక్కింది. తోటివారు చూడలేదా? చూశారు. చూసినదాన్ని చెప్పడానికి కులం అడ్డొచ్చింది. చూసిన నిజాన్ని చెప్పకపోవడం ఎంత పెద్ద అన్యాయమో మన పెద్దల జీవితాలు చూస్తే చాలు, వేరే రుజువు అక్కర్లేదు.

కడోదరా మైదానంలో మనం పెట్టే పోటీలోనూ ఈ పరీక్ష మనకే ఉంటుంది. ఏటా ఒకే కుటుంబం, ఒకే ఊరివాళ్ళు, ఒకే భాషవాళ్ళు ఈల పట్టుకుని, ఒకరినొకరు మెచ్చుకుంటూ ఉంటే ఆ కుర్చీ వారసత్వపు కుర్చీ అవుతుంది. మనల్ని అణచిన పద్ధతికి మనమే కొత్త పేరు పెట్టినట్టవుతుంది.

మెప్పు ఇంకో దోవలో కూడా చెడుతుంది. ఇవ్వవలసినదానికి బదులుగా మెప్పు ఇచ్చి సరిపెట్టడం. కూలి పోగొట్టుకుని వచ్చినవాడికి బస్సు ఛార్జీ, మధ్యాహ్న భోజనం, నీడలో కూర్చునే చోటు ఇవ్వడం నిర్వాహకుల బాధ్యత. అవి ఎగ్గొట్టి శాలువా కప్పితే అది గుర్తింపు కాదు, ఖర్చు తప్పించుకునే ఉపాయం.

ఎవరు నేర్పాలి, ఎలా నేర్పాలి

గుర్తింపు ఒక సగం అయితే నేర్పడం రెండో సగం. మహావగ్గంలో ఉపాధ్యాయుడు, శిష్యుడు ఒకరి పట్ల ఒకరు ఎలా మెలగాలో వివరంగా ఉంది. ఉపాధ్యాయుడు శిష్యుణ్ణి కొడుకులా, శిష్యుడు ఉపాధ్యాయుణ్ణి తండ్రిలా చూడాలి. బాధ్యతలు రెండు వైపులా ఉన్నాయి. ఉపాధ్యాయుడికి తప్పుడు దృష్టి కలిగితే తొలగించడం శిష్యుడి విధి. ఉపాధ్యాయుడు పెద్ద ఆపత్తి చేస్తే సంఘం దాన్ని సరిగా విచారించేలా చూడటం కూడా శిష్యుడి విధే. గురువు తప్పును కప్పిపుచ్చే భక్తికి అక్కడ చోటు లేదు.

ఎవరు గురువు కావచ్చన్నదానికీ నియమం ఉంది. ఉపసేనుడనే భిక్షువు తనకు ఒక్క వర్షావాసమే పూర్తయినా ఇంకొకరికి ఉపాధ్యాయుడయ్యాడు. నీకే ఇంకా ఒకరు నేర్పవలసి ఉండగా నువ్వు నేర్పుతావా అని బుద్ధుడు మందలించి, పది వర్షాలు నిండాలని నియమం పెట్టాడు. తరువాత పది వర్షాలు నిండినా ఏమీ తెలియనివారు ఉపాధ్యాయులై కూర్చున్నారు. అప్పుడు పదేళ్ళు చాలవు, నేర్పరితనం కూడా ఉండాలన్నాడు. పదేళ్ళుగా ఈల ఊదుతున్నానన్న మాట ఒక్కటే అర్హత కాదన్నమాట.

అలాగే వయసులో చిన్నవాడి దగ్గర నేర్చుకోవడంలో చిన్నతనం లేదు. ఉపాలి దగ్గర వృద్ధులైన భిక్షువులు కూడా వినయం నేర్చుకునేవారు. పెద్దల మీద గౌరవంతో ఉపాలి నిలబడి చెప్పేవాడు. ధమ్మం మీద గౌరవంతో పెద్దలు నిలబడి వినేవారు. రెండు పక్షాలూ అలసిపోయేవి. ఇది తెలిసి బుద్ధుడు, చెప్పేవాడు చిన్నవాడైనా సమానమైన లేదా ఎత్తైన ఆసనం మీద కూర్చోవచ్చని, వినే పెద్దలు సమానమైన లేదా తక్కువ ఆసనం తీసుకోవచ్చని అనుమతించాడు. చదువుకున్న పద్దెనిమిదేళ్ళ అమ్మాయి కొత్త నియమాలు చదివి చెబుతుంటే యాభయ్యేళ్ళ పెద్దాయన పక్కన కూర్చుని వినడానికి ఇంతకంటే ఆమోదం ఏం కావాలి?

మైదానంలో చెయ్యదగినవి

ఇదంతా కడోదరాలోనో మరో చోటనో ఆచరణలో పెట్టడం కష్టమేమీ కాదు. మొదటిది నియామకం. సంఘంలో ఓటు పుల్లలు సేకరించే భిక్షువును నియమించేటప్పుడు కూడా నాలుగు అగతులకు లొంగనివాడై ఉండాలని, పని తెలిసినవాడై ఉండాలని చూసేవారు. పేరును సంఘం ముందు పెట్టి, ఒప్పుకునేవారు మౌనంగా ఉండండి, ఒప్పుకోనివారు చెప్పండి అని అడిగేవారు. భిక్షు సంఘాలకు ఇలాంటి సభా నియమాలన్నీ తెలుసని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ గుర్తు చేశారు. మన పోటీలోనూ తీర్పరుల పేర్లు అన్ని జట్ల ముందూ చదివి, అభ్యంతరాలుంటే ఆటకు ముందే వినాలి. తన జట్టు ఆడుతుంటే తీర్పరి పక్కకు తప్పుకోవాలి.

రెండోది, ఆటలయ్యాక తీర్పరులంతా పది నిమిషాలు కలిసి కూర్చోవడం. ప్రతివాడూ తోటివాడు చేసిన ఒక్క మంచి పనిని, తాను కళ్ళారా చూసినదాన్ని చెప్పాలి. ‘‘తమ్మీ, లాబీల తాకుడు లేదని నువ్వు గట్టిగ చెప్పినవ్, అవతల మీ ఊరోళ్ళే ఉన్నా’’ అంటే చాలు. అందులో పని ఉంది, ఆ పనికి అయిన మూల్యం ఉంది. అదే కూటమిలో వర్షావాసం చివర జరిగే పవారణ పద్ధతి కూడా ఉండాలి. చూసినది, విన్నది, అనుమానించినది ఏదైనా ఉంటే చెప్పమని ప్రతి భిక్షువూ సంఘాన్ని కోరేవాడు. బుద్ధుడు కూడా తనలో దోషం ఏదైనా చూశారా అని భిక్షువులను అడిగాడు. పెద్ద తీర్పరే ముందు అడగాలి: ‘‘నా తీర్పుల్ల ఎక్కడన్న తప్పు కనిపించిందా, చెప్పండ్రి’’ అని. అప్పుడు కుర్రవాడు, ‘‘అన్నా, మూడో ఆటల బోనస్ గీత దగ్గర నువ్వు దూరంగ ఉన్నవ్’’ అనగలుగుతాడు. పెద్దవాడు కోపం తెచ్చుకోకుండా విన్నాడంటే ఆ రోజు ఇచ్చిన పాఠాల్లో అదే గొప్పది.

మూడోది, ఈల చేతులు మారడం. మొదటి ఏడు కొత్తవాడు స్కోరు రాస్తాడు. రెండో ఏడు గీత దగ్గర నిలబడతాడు. మూడో ఏడు ఈల పడతాడు, పెద్దవాడు స్కోరు బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆడపిల్లల ఆటలకు ఆడవారే తీర్పరులుగా తయారు కావాలి. విశాఖను అడిగిన ఉపాలి మనకు ఆ దారి చూపాడు. నియమాలు తెలుగు, హిందీ, ఒడియా, మరాఠీ, గుజరాతీ తెలిసినవారి చేత ఆయా జట్లకు చెప్పించాలి.

ఇవి చేస్తే తీర్పరుల్లో ఎవరిని మెచ్చుకోవాలో మనకు తేలిగ్గా తెలుస్తుంది. ఎన్ని ఆటలకు ఈల ఊదాడన్నది లెక్క కాదు. పుణ్ణుడి గురించి అడిగిన ప్రశ్నే లెక్క: తాను నాలుగు అగతులకు లొంగకుండా తీర్పు చెప్పాడా, అలా చెప్పగలవారిని ఇంకెందరిని తయారు చేశాడు? ఒక మనిషి వెళ్ళిపోయాక కూడా ఆ మైదానంలో గీత గీసిన చోటే ఉంటే, ఓడిన జట్టు గెలిచిన జట్టుతో కలిసి భోజనానికి కూర్చుంటే, ఆ మనిషి పేరు పదిమందిలో చెప్పడం మన విధి. ఆ పేరు విని అతను పొంగిపోకుండా ఉండటం అతని విధి. ఎవరి విధి వారు చేస్తే వచ్చే ఏడు ఈల పట్టడానికి ఒకరికి బదులు నలుగురు ముందుకొస్తారు.